పిడికెడు బియ్యం, ఆరు నెలల మాత్రలు: ఒక క్షయ రోగి ఇంటికి తోడున్న అనుభవం

2025 జూన్‌లో మొదలైన పని డిసెంబరులో ముగిసింది. విజయనగరం శివారులో మా పేటలో ఒక ఇంటాయనకు క్షయ వస్తే, మా బాప్టిస్టు చర్చి సంఘం స్త్రీల సమాజం తరఫున ఆ ఇంటికి ఆరు నెలలు తిండి సరుకులు అందించాం. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఇంతలోనే ఎన్ని గుమ్మాలు ఎక్కాలో, ఏ సరుకు కొనాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో మాకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. చుట్టుపక్కల సంఘాల ఆడవాళ్ళు అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆ కుటుంబం పేరు రాయను. రాసుకోమని వాళ్ళే అన్నారు, అయినా రాయను.

ఆయన జూట్ మిల్లులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి. మిల్లు మూతపడ్డాక దొరికిన కూలికి వెళ్ళేవాడు. భార్య ఇంటిముందు ఇడ్లీలు వేసి అమ్మేది. కొడుకు చెన్నైలో కట్టడం పనిలో ఉన్నాడు. ఇంట్లో ముసలి తల్లి, కోడలు, నాలుగేళ్ళ మనవడు. ఏప్రిల్ నుంచే ఆయనకు దగ్గు. గోగునార దుమ్ములో బతికినవాళ్ళు దగ్గును లెక్కచేయరు. మందుల షాపు సిరప్పు, వీధి డాక్టరు సూదులు, మే నెలంతా అలాగే గడిచింది. అందుకు నాలుగు వేల దాకా వడ్డీకి తెచ్చారని నాకు తర్వాత తెలిసింది.

జూన్ రెండో వారంలో ఆవిడ మా ఇంటికి వచ్చింది. డబ్బుకోసం అనుకున్నాను. కాదు. "టీచరమ్మగారూ, మన వీధివాళ్ళు ఇడ్లీ కొనడం మానేశారు. అందరూ మీ దగ్గర చదివినవాళ్ళే కదా, ఒక మాట చెప్పండి" అంది. ఎందుకు మానేశారని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన దగ్గు బయటికి వినబడుతోంది" అంది.

ఆశా కార్యకర్తను పిలిపించాను. గళ్ళ పరీక్షకు రెండు డబ్బాలు ఇచ్చింది. ఒకటి అప్పటికప్పుడు, రెండోది మర్నాడు తెల్లవారగానే, పళ్ళు తోముకోకముందు పట్టాలి. ఉమ్మి కాదు, లోపలినుంచి దగ్గి తీసిన గళ్ళ కావాలి. ఆయన మొదటి డబ్బాలో ఉమ్మి పట్టి ఇస్తే తిప్పి పంపారు. పరీక్ష యంత్రంలో జరిగిపోతుంది, రెండో రోజుకు ఫలితం వచ్చింది. క్షయే. దాంతోపాటు హెచ్‌ఐవీకి, సుగరుకు కూడా రక్తం తీస్తారు. ఇది అందరికీ చేసేదేనని తెలియక ఆవిడ హెచ్‌ఐవీ మాట విని భయపడిపోయింది. అది లేదు, సుగరు మాత్రం ఉంది, అదీ గట్టిగానే. జూన్ 23న మొదటి మోతాదు వేసుకున్నాడు. అప్పటికి బరువు 38 కిలోలు. మందులకు, పరీక్షలకు రూపాయి ఖర్చు కాలేదు. ఆయన ఖర్చు పెట్టిందంతా అంతకుముందే.

భయం నాకూ వేసింది. మా ఇంట్లో మావారు సుగరు మనిషి, బైపాస్ అయినవారు. ఇంటికి వచ్చి చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో. ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మను సూటిగా అడిగాను. గాలిలోంచి వచ్చే జబ్బు గానీ కంచం, గ్లాసుల మీదుగా వచ్చేది కాదని, మందు సక్రమంగా పడితే సుమారు రెండు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గుతుందని, ఆలోగా ఆయన మాస్కు కట్టుకుంటే, నేను గదిలో కాకుండా ఆరుబయట కూర్చుంటే చాలని చెప్పింది. అందుకని మొదట్లో వాళ్ళ అరుగు దాటి లోపలికి వెళ్ళలేదు. దానికి సిగ్గుపడటం లేదు.

ఇక మా గుడి, అంటే మా చర్చి సంగతి. పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం మా స్త్రీల సమాజానికి పాత అలవాటు. నెలాఖరు ఆదివారం డబ్బాలన్నీ గుడికి వస్తాయి. జూన్ 29న ఆరాధన అయ్యాక ఈ కుటుంబం విషయం లేవనెత్తాను. వెంటనే ఒక పెద్దాయన, మన సంఘంలో పేదలు లేరా అని అడిగి, విశ్వాస గృహానికి చేరినవారికి విశేషంగా మేలు చేయాలని పౌలు గలతీయులకు రాసింది గుర్తు చేశారు. మా సమాజంలో అక్షరం ముక్కలు కూడబలుక్కుని చదివే ఒక ముసలామె బైబిలు తెరిచి, ఆ వచనంలోనే అంతకుముందు ఉన్న "అందరియెడల" అన్న మాట మీద వేలు పెట్టి ఆయనకు చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఊరుకున్నారు.

అంతటితో తేలలేదు. సంచిలో ఒక కరపత్రం పెడదామన్నారు ఒకరు. ఇచ్చేటప్పుడు ఫొటో తీద్దామన్నారు ఇంకొకరు. దేవుని మాట లేకుండా పప్పూ ఉప్పూ ఇస్తే అది క్రైస్తవ సేవ ఎలా అవుతుందని ఒక యువకుడు నిజంగానే బాధపడుతూ అడిగాడు. మా అయ్యగారు, అంటే పాస్టరు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. యేసు కుష్ఠరోగిని ముట్టి బాగుచేసి, ఎవరితోనూ చెప్పొద్దని పంపించేశాడు కదా అన్నారు. అక్కడికి తెగింది. కరపత్రం వద్దు, ఫొటో వద్దు, వాళ్ళు అడిగితే తప్ప ఆ ఇంట్లో ప్రార్థన వద్దు. ఈ మూడో షరతు నేనే పెట్టాను. జబ్బు మనిషి లేచి వెళ్ళలేడు, ఇష్టం లేకపోయినా వింటాడు. అలా వినిపించడం నాకు నచ్చదు.

విడిగా ఇచ్చేకంటే ప్రభుత్వ పద్ధతిలో ని-క్షయ్ మిత్రగా, అంటే క్షయ రోగికి తిండి సాయం చేసే దాతగా నమోదైతే మందులు చూసేవాళ్ళకూ మనకూ లంకె ఉంటుందని ఆశా కార్యకర్త చెప్పింది. 2022 సెప్టెంబరు నుంచి ఉన్న ఏర్పాటే, మాకే తెలియదు. జులై మొదటి వారంలో మా అమ్మాయి ఫోనులో నమోదు చేసింది. పేరు, జిల్లా, ఎన్నాళ్ళు ఇస్తారు, ఏమి ఇస్తారు, ఇంతే అడుగుతుంది. సంఘం పేరుతో కాకుండా నా పేరుతోనే చేశాం. సంఘమైతే ఎవరు సంతకం పెట్టాలన్న చర్చ ఇంకో నెల నడిచేది. ఆ తర్వాత వారం దాటినా ఎవరూ పిలవలేదు. మనమే టీబీ సూపర్‌వైజరు నంబరు కనుక్కుని చేయాలట. చేస్తే ఆయన మర్యాదగా మాట్లాడి, "రోగి ఒప్పుకుని సంతకం పెడితేనే మీకు కలుపుతామమ్మా" అన్నారు.

ఆయన ఒప్పుకోలేదు.

ఇది నేను ఊహించలేదు. సరుకు ఇస్తామంటే వద్దనడమేమిటని మా సమాజంలో ఒకరిద్దరికి కోపం కూడా వచ్చింది. అరుగు మీద కూర్చుని అడిగితే ఆయన చెప్పిన కారణం: "మీ సంచి మా గడప ఎక్కిందంటే ఏ జబ్బో ఊరంతటికీ తెలుస్తుంది." లోపలినుంచి ముసలితల్లి ఇంకో కారణం చెప్పింది. "మతంలో కలపడానికే కదమ్మా, ఉత్తినే ఎవరిస్తారు?" ఆవిడ మాటలో కుళ్ళు లేదు, అనుభవం ఉంది. ఎవరిచ్చిన బస్తా వెనకైనా ఏదో ఒకటి అడగడం ఆ పేట చూసింది. నేను వాదించలేదు. మందులు మాత్రం మానొద్దని చెప్పి వచ్చేశాను.

దారి చూపించింది ఆయన భార్యే. నాలుగు రోజుల తర్వాత వచ్చి, "సంచి వద్దమ్మగారూ, కోమటి కొట్లో ఖాతా పెట్టించండి. అందరిలాగే నేనూ వెళ్ళి తెచ్చుకుంటాను" అంది. ఎంత తేలిక! షావుకారుకు ముందుగా డబ్బు కట్టి చీటీ ఇచ్చాం. ఎందుకని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. జులై నెల మధ్యలో ఆవిడ భర్త సంతకం పెట్టాడు. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్ళకు నేను మొదట చెప్పేది ఈ ఖాతా సంగతే.

సరుకుల్లో మా తెలివి ఎక్కడ తేలిందో చెప్పాలి. సర్కారు సూచించే నెల సంచిలో ఒక పెద్ద మనిషికి 3 కిలోల బియ్యమో చిరుధాన్యాలో, కిలోన్నర పప్పులు, పావు కిలో నూనె, కిలో పాలపొడి లేదా 6 లీటర్ల పాలు లేదా కిలో వేరుశెనగ గుళ్ళు ఉంటాయి. వీలైతే 30 గుడ్లు. మా దగ్గరేమో డబ్బాల నిండా బియ్యం. ఆ ఇంట్లోనూ ఉన్నది బియ్యమే. రేషను కార్డు మీద మనిషికి 5 కిలోల చొప్పున ఉచితంగా వస్తాయి, ఆకలి తీరుతుంది. లేనివి పప్పు, నూనె, గుడ్డు. పైగా ఆయనకు సుగరు. అన్నం తగ్గించాలని డాక్టరమ్మ చెప్పింది. ఏళ్ళ తరబడి పేదలకు బియ్యం పంచి తృప్తి పడ్డవాళ్ళం, ఒక ఇంటి వంటగది చూశాక తెలిసింది ఇది.

సరే, బియ్యం అమ్ముదామన్నాం. కొనేవాడేడీ? పాతిక ఇళ్ళ పిడికెళ్ళు కలిసిన బియ్యమది. సన్నాలూ దొడ్డూ, పాతవీ కొత్తవీ, ఒకటి మెత్తబడేసరికి ఇంకొకటి పలుకుగా ఉంటుంది. చివరికి దోసెల పిండి రుబ్బి అమ్మే అతను కిలో 32 రూపాయలకు తీసుకున్నాడు. రుబ్బేవాడికి ఏ బియ్యమైనా ఒకటే. నెలకు పదమూడు వందల దాకా వచ్చేది. తక్కువైంది కానుక డబ్బులోంచి వేశాం.

మొదటి నెల సర్కారు లెక్క ప్రకారమే కొన్నాం, ఎనిమిది వందలు దాటలేదు. పది రోజుల్లో అయిపోయింది. ఇంట్లో అయిదుగురుంటే గుడ్డు ఒక్కడికే ఉడికించి పెట్టి, నాలుగేళ్ళ మనవణ్ణి చూస్తూ కూర్చోమనే ఇల్లాలు ఉంటుందా? ఆయన తన గుడ్డు వాడికే పెట్టేవాడట. డాక్టరమ్మతో అంటే, ఇంటిల్లిపాదికీ పెడితేనే మంచిదని చెప్పి ఝార్ఖండ్‌లో జరిగిన అధ్యయనం గురించి చెప్పింది. క్షయ రోగుల ఇళ్ళలో అందరికీ సరుకులిస్తే ఆ ఇళ్ళలో కొత్తగా జబ్బు పడేవాళ్ళు దాదాపు 40 శాతం తగ్గారట. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. మొదటి రెండు నెలల్లో పెరిగే బరువే ప్రాణానికి పెద్ద కాపు అని కూడా చెప్పింది. ఆగస్టు నుంచి చీటీ మార్చాం: కందిపప్పు 2 కిలోలు, శెనగలు కిలో, వేరుశెనగ గుళ్ళు 2 కిలోలు, నూనె లీటరు, చోడిపిండి (రాగిపిండి) 3 కిలోలు, గుడ్లు రెండు అట్టలు, పిల్లవాడికి పాలు. నెలకు సుమారు 1,600 రూపాయలు. చోడి అంబలి ఆ ఇంటికి కొత్త కాదు, ముసలావిడ చేతిలో మహా బాగుంటుంది. మెత్తళ్ళు, అంటే చిన్న చేపలు మాత్రం ఆవిడే వాడుక మనిషి దగ్గర అప్పు పెట్టి కొనేది. చప్పిడి పప్పు తిని ఎవరు బతుకుతారని ఆవిడ ప్రశ్న.

మందుల విషయంలో మొదటి రెండు నెలలు గట్టివి. ఆయన బరువుకు రోజుకు మూడు మాత్రలు, మూడూ ఒకేసారి, పరగడుపున. మొదటి వారం వాంతులు. ఒకనాడు తెల్లవారుజామున ఆవిడ మా తలుపు బాదింది. మూత్రంలో రక్తం పోతోందని, బతకడని. మాత్రల్లో ఒకదానివల్ల మూత్రం ఎర్రబడుతుందని ఆశా కార్యకర్త ఆయనకు చెప్పింది, ఆయన భార్యకు చెప్పలేదు. ఏది చెప్పినా ఇంట్లో ఇద్దరు వినేటట్టు చెప్పమని ఆ రోజు నుంచి అందరినీ పోరుతున్నాను. తర్వాత కీళ్ళ నొప్పులు, అరికాళ్ళలో తిమ్మిర్లు. తిమ్మిర్లకు వేరే విటమిను మాత్ర ఉంటుంది, అది కూడా ఇస్తారు. కళ్ళు పచ్చబడితే మాత్రం ఆగకుండా రమ్మన్నారు. అది రాలేదు.

ఇంట్లో మిగతావాళ్ళకు ఎక్స్‌రేలు తీశారు. ఎవరికీ జబ్బు లేదని తేలాక ముందుజాగ్రత్త మాత్రలు మొదలుపెట్టారు. పెద్దవాళ్ళకు వారానికొకసారి 12 వారాలు, పిల్లవాడికి 6 నెలలు రోజూ. జబ్బు లేనివాళ్ళచేత మాత్ర మింగించడం జబ్బు మనిషిచేత మింగించడంకంటే కష్టం. కోడలు రెండో వారానికే మానేస్తానంది. ఆవిడను దారిలో పెట్టింది నేను కాదు, అత్తగారు. ఏం చెప్పిందో నాకు తెలియదు.

ఇంటి యజమాని జులై చివర్లో ఖాళీ చేయమన్నాడు. సూపర్‌వైజరూ మా అయ్యగారూ కలిసి వెళ్ళి మాట్లాడారు. సంక్రాంతి దాకా ఉండమన్నాడు. అంతకుమించి మెత్తబడలేదు.

ఆగస్టు మూడో వారానికి గట్టి మందుల విడత అయింది. మళ్ళీ గళ్ళ పరీక్ష చేస్తే సూక్ష్మజీవులు లేవు. బరువు 41న్నర. ఆ రోజు ఆయన మొదటిసారి నన్ను లోపలికి వచ్చి కూర్చోమన్నాడు. వెళ్ళాను. ఆ గదికి కిటికీ ఒకటే ఉంది, దాన్ని కూడా పాత చీర కట్టి మూశారు. గాలి ఆడాలని అంతకుముందే చెప్పి ఉన్నారు గానీ, చెప్పినవాళ్ళెవరూ లోపలికి వచ్చి చూసుండరు. నాతో కలిపి. చీర విప్పించి, దోమలకు వల కొట్టించాం, 250 రూపాయలు.

ఇక డబ్బు బాధ. క్షయ రోగికి తిండికోసం ప్రభుత్వం నెలకు 1,000 రూపాయలు ఇస్తుంది. 2024 నవంబరుకు ముందు 500 ఉండేది. మందు మొదలుపెట్టగానే మూడు వేలు, 84 రోజులు గడిచాక మరో మూడు వేలు, ఇలా రెండు విడతలుగా ఖాతాలో పడాలి. ఆగస్టు చివరికీ మొదటిది పడలేదు. సూపర్‌వైజరు చూసి, మా వైపునుంచి వెళ్ళిపోయిందన్నారు. ఎక్కడికి? వార్డు సచివాలయంలో ఆధార్‌కు ఏ ఖాతా ముడిపడి ఉందో చూపించారు. మిల్లులో జీతాలకోసం ఎప్పుడో తెరిచిన ఖాతా అది. పాసుపుస్తకం లేదు, అది ఉందన్న సంగతే ఆయనకు గుర్తులేదు. డబ్బు అక్కడ హాయిగా ఉంది. వాడకం లేక ఖాతా స్తంభించిపోయింది. బ్యాంకువాళ్ళు మనిషి స్వయంగా రావాలన్నారు. వెళితే ఫొటో లేదన్నారు, ఫొటోతో వెళితే వేలిముద్ర పడలేదు. నార లాగి లాగి అరిగిన వేళ్ళు. చివరికి అయిదో వేలు పడింది. ఇందులో ఎవరినీ తప్పు పట్టను గానీ, ఎండలో నిలబడి దగ్గే మనిషికి ఒక కుర్చీ వేయొచ్చు. డబ్బు చేతికొచ్చేసరికి సెప్టెంబరు మూడో వారం. మీరు ఇలాంటి ఇంటికి తోడు వెళితే మందు మొదలైన రోజే ఆధార్‌కు ఏ ఖాతా ముడిపడి ఉందో చూడండి.

ఆ మూడు వేలల్లో రెండు వేలు వడ్డీవాడికి కట్టేశారు. తిండికిచ్చిన డబ్బు అలా ఖర్చు చేస్తారా అని మా సమాజంలో ఎవరో అన్నారు. వడ్డీవాడు రోజూ ఇడ్లీ బండి దగ్గర నిలబడితే ఆ ఇంటివాళ్ళకు ముద్ద దిగుతుందా అని నేనడిగాను.

ఇడ్లీల మాట వచ్చింది కాబట్టి. ఆవిడ మొదట అడిగింది సరుకులు కాదు, కొనేవాళ్ళను. మేమిచ్చింది సరుకులు. ఇది నన్ను లోపల తొలుస్తూనే ఉంది. అక్టోబరు మొదటి ఆదివారం స్త్రీల సమాజం కూటానికి ఫలహారం ఆవిడకే అప్పజెప్పాను. నూరు ఇడ్లీలు, అల్లం పచ్చడి. ఆయనకు అప్పటికి అంటించే జబ్బు లేదని డాక్టరమ్మ మాటగా అందరికీ ముందే చెప్పాను. సగం మంది తిన్నారు. మిగతావాళ్ళు ఉపవాసమన్నారు, ఇంటి దగ్గర తిని వచ్చామన్నారు. ఒకామె పొట్లం కట్టించుకుని వెళ్ళింది, తిన్నదో లేదో. గిన్నెలు తీసుకెళ్ళేటప్పుడు మిగిలిన ఇడ్లీలు ఆవిడ లెక్కపెట్టుకుంది. నేను చూశాను, నేను చూశానని ఆవిడకూ తెలుసు. డబ్బు మాత్రం నూటికీ ఇచ్చాను, ఆవిడ తీసుకుంది. మరుసటి కూటానికి మళ్ళీ ఆవిడకే చెప్పాం. ఈసారి తిన్నవాళ్ళు పెరిగారు. ఉపవాసాలు తగ్గాయి.

అందరూ చెప్పిన ప్రమాదం నాలుగో నెలలోనే వచ్చింది. ఒంట్లో బాగుంటుంది, ఆకలి వేస్తుంది, దగ్గు ఉండదు, ఇక మాత్ర ఎందుకు అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే పైడితల్లమ్మ పండుగ. అక్టోబరు 6న తొలేళ్ళు, 7న సిరిమాను. చుట్టాలు దిగుతారు, మందు సీసాలూ దిగుతాయి. ఈ మాత్రలమీద సారా పడితే కాలేయం పోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పి ఉంది. ఆయన ఆదివారం సాయంత్రమే పట్టణంలో చెల్లెలి ఇంటికి బయలుదేరాడు. మాత్రల అట్ట ఇంట్లో వదిలేశాడని కోడలు ఫోను చేసింది. మా అబ్బాయి బండి మీద నేను మూడు లాంతర్ల కూడలి దాకా వెళ్ళి, జనంలో వెతికి పట్టుకుని మాత్రలు చేతిలో పెట్టాను. అమ్మవారి పండుగ వీధిలో, చేతిలో బైబిలు సంచితో, బాప్టిస్టు టీచరమ్మ. ఆ చెల్లెలు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎవరన్నయ్యా ఈవిడ?" అంది. "మా వీధి టీచరమ్మ" అని ఊరుకున్నాడు. తాగాడో లేదో నేను అడగలేదు. రక్తపరీక్షలో కాలేయం బాగానే ఉంది.

ఆ నెలాఖరునే మొంథా తుపాను. 28 రాత్రి అది తీరం దాటింది కాకినాడ వైపే గానీ మాకూ వానలు తప్పలేదు. వాళ్ళ పెంకుటింట్లో మూడు చోట్ల కారింది. మాత్రలు తడవకుండా బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఉట్టి మీద దాచింది ముసలావిడ. మర్నాడు టార్పాలిన్ తీసుకుని వెళితే అందరూ ఒకే మూల మంచం మీద ఉన్నారు. పైన పైడితల్లమ్మ పటం, ముందు దీపం. ఆవిడ ఉన్నట్టుండి, "మీరు ప్రార్థనలు చేస్తారటగా, మా ఇంట్లో ఒక్కసారీ చేయలేదేం టీచరమ్మగారూ?" అంది. నిలబడి నాలుగు మాటలు ప్రార్థించాను. ఆమెన్ అని నేనొక్కదాన్నే అన్నాను, వాళ్ళు దండం పెట్టుకున్నారు. తర్వాత టార్పాలిన్ కట్టే పని చూశాం. ఆ విషయం గుడిలో సాక్ష్యంగా చెప్పమన్నారు. చెప్పలేదు. చెబితే ఆ ప్రార్థనకోసమే ఆరు నెలలు పప్పు పోశామన్నట్టు ఉంటుంది.

రెండో విడత మూడు వేలు నవంబరులో పడ్డాయి, ఈసారి తిరగకుండానే. నవంబరు నుంచి గుడ్ల ధర పెరిగి అట్ట రెండు వందలు దాటింది. చీటీలో ఒక అట్ట తగ్గించి శెనగలు పెంచాం.

డిసెంబరు 8తో 168 రోజుల మందు పూర్తయింది. చివరి గళ్ళ పరీక్షలోనూ ఏమీ లేదు. బరువు 46 కిలోలు. సుగరు మాత్రలు మాత్రం ఆగవు. జబ్బు నయమైనట్టు కాగితం చేతికి ఇచ్చారు. ఆయన దాన్ని తీసుకెళ్ళి ఇంటి యజమానికి చూపించాడు. చూసి మడిచి తిరిగి ఇచ్చాడట. సంక్రాంతి గడువు మాట ఎత్తలేదు, తీసివేశానని కూడా అనలేదు. నార పనికి మళ్ళీ వెళ్ళొద్దన్నారు. ఒక కల్యాణమండపంలో రాత్రి కాపలా దొరికింది, దుమ్ము లేని పని. రెండేళ్ళపాటు ఆరు నెలలకొకసారి పరీక్షకు వెళ్ళాలి. మొదటిది 2026 జూన్‌లో, మా ఇంట్లో క్యాలెండరులో కూడా గుర్తు పెట్టాను.

ఆరు నెలలకు సరుకులు, ఆటోలు, దోమవల, టార్పాలిన్ అన్నీ కలిపి మా ఖర్చు పన్నెండు వేల లోపే. అందులో ఎక్కువ భాగం దోసెల పిండి అతనికి అమ్మిన బియ్యమే. డిసెంబరు లెక్కలు చదివినప్పుడు, గలతీయుల వచనం చెప్పిన పెద్దాయన తన వంతు అని అయిదు వందలు తీసి బల్లమీద పెట్టారు, రసీదు అడిగి మరీ.

క్రిస్మస్ తర్వాత సూపర్‌వైజరు ఫోను చేసి, ఇదే ఆరోగ్య కేంద్రం పరిధిలో ఇంకొకరున్నారని చెప్పారు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, కాలేజీ మానేశాడు. ఇంకా సంతకం పెట్టలేదట. కోమటి కొట్టు ఖాతా సంగతి ముందే చెప్పమన్నాను. పప్పులకంటే పాలే కావాలంటున్నాడట. పాలవాడితో రేపు మాట్లాడాలి.